బర్రె సేపేదాక

శారదమ్మను ఆదివారం ముసలివాళ్ళ హోముకు పంపాలని తీర్మానమైపోయింది. ఇంట్లో మాట్లాడుకున్నారు, ఉప్పుగూడలో ఉన్న ఆమె కూతురిని ఫోన్లో అడిగారు, సందులో ఇద్దరు ముగ్గురి సలహా కూడా తీసుకున్నారు. శారదమ్మను మాత్రం అడగలేదు. ఆమెకు సోయి లేదు, ఒంటి మీద తెలివే లేదు, ఏమని అడుగుతాం అన్నారు. సోయి ఎందుకు పోయిందని ఎవరూ అడగలేదు.

గౌలిపురలో ఇరుకు సందు చివర ఆ ఇల్లు. ముందు రెండు గదులు, వెనక రేకుల కొట్టం, కొట్టంలో మూడు బర్రెలు. ముందు గదిలో నవారు మంచం మీద శారదమ్మ పడి ఉంది. కుడిచేతిని పాత చున్నీతో మంచం పట్టెకు కట్టేశారు. మొన్న మంచం దిగబోయి పడింది, నుదుటి మీద దెబ్బ ఇంకా నల్లగానే ఉంది. కట్టని చెయ్యి ఊరుకోవడం లేదు. దుప్పటి మీద లేనిదాన్ని దేన్నో గిల్లి గిల్లి కింద పారేస్తోంది.

"చీమలు," అంది. నాలుక మందమై మాట ముద్దగా వచ్చింది. "దాణాకు చీమలు పట్టినయి. దులుపుండ్రి."

"చీమలు లేవవ్వా. పండుకో," అన్నాడు కొడుకు రామ్‌చందర్.

ఆ సోమవారం హోము నుంచి వచ్చిన కుర్రాడు ప్రణీత్ మంచం దగ్గర నిలబడి చూశాడు. మెడలో కార్డు, చేతిలో పెద్ద ఫోను. శంషాబాద్ దాటినాక ఉంది వాళ్ళ హోము.

"మీరు ఫికర్ చెయ్యకుండ్రి అంకుల్. మా దగ్గర గిసొంటోళ్లు మస్తుమంది ఉన్నరు. రెండు పూటల నిద్రగోలి ఏస్తం. ఒక్కల సప్పుడు ఉండది. ఆదివారం పొద్దుగాల బండి తెస్త. దారిల లొల్లి చెయ్యకుండ బయలెల్లే ముందు మీరే ఒక గోలి ఎయ్యుండ్రి."

కోడలు బాలమణి చాయ్ గ్లాసు పట్టుకుని వింటోంది. ఒక్కల సప్పుడు ఉండదు అన్నప్పుడు ఆ కుర్రాడు గర్వంగా నవ్వాడు. గ్లాసు అతని చేతికి ఇవ్వకుండా కిటికీలో పెట్టి లోపలికి పోయింది.

నెల కిందట జ్వరానికి, మూత్రంలో మంటకు ప్రైవేటు దవాఖానాలో చేర్చేదాకా కొట్టం మొత్తం శారదమ్మ చేతిలోనే ఉండేది. దవాఖానాలో మతి తలకిందులైంది, బర్రెల దగ్గరికి పోతానని సెలైన్ సూది పీకేసింది. పంపించేటప్పుడు డాక్టరు తల ఎత్తకుండా ఒక మత్తు గోలి రాసి, "జరూరత్ పడితే ఇవ్వండి," అన్నాడు. అవసరమైతే అన్న ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చారు. అప్పటినుంచి ఆమె నిలబడితే తూలుతోంది, కూర్చుంటే ఒరుగుతోంది. మెలకువ వస్తే గొంతెత్తి ఒర్రుతోంది, దగ్గరికొచ్చిన వాళ్ళను కొడుతోంది. ఒర్రినప్పుడల్లా జరూరత్ పడింది.

మంగళవారం పొద్దున సుక్క పాలివ్వలేదు.

నుదుట తెల్ల మచ్చ ఉన్న బర్రె అది. దాని దుడ్డె పుట్టిన వారానికే చచ్చిపోయింది. దుడ్డె మూతి పెట్టి కుడిస్తే గానీ బర్రె సేపదు, అంటే పాలు పొదుగులోకి దిగవు. దుడ్డె లేని బర్రెను చేత్తో మచ్చిక చేసి సేపించాలి. ఆ పని శారదమ్మది. పక్కన కూర్చుని, పొదుగు మీద గోరువెచ్చని నీళ్ళు చల్లి, అరచేత్తో నిమురుతూ, దానితో ఏదో ముచ్చట చెప్పేది. బర్రె నెమరు మొదలుపెట్టి, తోక దించి, పొదుగు కింది సన్నులు బిగిసేదాకా కదిలేది కాదు.

రామ్‌చందర్‌కు అంత ఓపిక లేదు. చార్మినార్ వెనక హోటళ్ళు పాలకోసం ఎదురుచూస్తుంటాయి. గూట్లోంచి చిన్న సీసా తీసి, సిరంజిలోకి మందు లాగి, బర్రె మెడ మీద పొడిచాడు. సుక్క ఒళ్ళంతా ఒక్కసారి వణికింది. కాసేపటికి పాలు వచ్చాయి. బకెట్ పట్టుకున్న బాలమణి బర్రె కళ్ళలోకి చూసింది. కళ్ళు ఎటో చూస్తున్నాయి. పాలు దానివే, ఇస్తున్నది మాత్రం అది కాదు.

"అత్తమ్మ ఉన్నప్పుడు గీ సీసా కొట్టంలకు రానియ్యలే," అంది.

"అవ్వ ఉన్నప్పటి ముచ్చట ఇప్పుడెందుకు?"

"ఉన్నప్పుడు అంటవేంది? ముందటింట్ల పన్నది ఎవలు?"

రామ్‌చందర్ క్యాను బండికి కట్టుకుని పోయాడు.

బాలమణి బకెట్ కడుగుతూ ఉండగా అత్త మాట చెవిలో పడ్డట్టయింది. సూదిమందు అమ్మేవాడు మొదటిసారి ఈ గుమ్మంలోకి వచ్చినప్పుడు శారదమ్మ వాణ్ణి అడిగింది ఒకటే. జల్ది ఎవలకు బిడ్డా, బర్రెకా నీకా? వాడు మళ్ళీ రాలేదు, ఆమె మంచం పట్టేదాకా.

బాలమణి చేతిలో పీచు ఆగిపోయింది. గోలి ఎవలకు? అత్తమ్మకా, మాకా?

చేతులు కొంగుకు తుడుచుకుని గోడ పక్కింటి రఫియాను పిలిచింది. రఫియా మగ్గం మీద జర్దోజీ పని చేస్తుంది, పెళ్ళి కూతుళ్ళ దుపట్టాలకు. సూది చేతిలో ఉండగానే గుమ్మంలోకి వచ్చింది.

"రఫియా, మీ అబ్బాకు అప్పుడు నిద్రగోలి ఇచ్చిన్రు గదా. ఏమైంది?"

"హాయ్ అల్లా, యాద్ చెయ్యకు భాభీ. నిద్ర కోసమని ఇస్తే అబ్బా రాత్రంత ఉల్టా నడిచిండు. దీవార్ల మనుషులున్నరని చెప్పుతో కొట్టిండు. మేము జిన్ పట్టిందని దర్గాకు తోల్కపోయినం. మల్ల బస్తీ దవాఖానాల సామ్యూల్ డాక్టర్ చూసి, జిన్ గోలిలనే ఉంది, తీసెయ్యుండ్రి అన్నడు. నవ్వకు, నిజంగ గట్లనే అన్నడు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అడిగినవా? మీ అత్తకు దిమాగ్ పోయిందని మీ ఆయన గల్లీ మొత్తానికి చెప్పిండు. నేనేం అనాలె?" సూదిని బురఖా అంచుకు గుచ్చుకుంది. "నడు. ఆటో నేను పిలుస్త. ఒక్కదానివి ఎక్కించలేవు."

బస్తీ దవాఖానాలో బెంచీల మీద చోటు లేదు. శారదమ్మ తల బాలమణి భుజం మీద వేలాడుతోంది, నోట్లోంచి జొల్లు కారుతోంది. చూసినవాళ్ళు జరిగి చోటిచ్చారు, కొందరు జాలికి, కొందరు భయానికి.

డాక్టర్ సామ్యూల్ గోలి అట్టను చూసి పక్కన పెట్టాడు. శారదమ్మ చెయ్యి పట్టుకుని పేరు అడిగాడు. ఆమె కళ్ళు తెరిచి, ఆయన చొక్కా మీద చీమను గిల్లి పారేసింది.

"ఇది వేయకముందు ఎట్లా ఉండేది?"

"పొద్దుగాల అందరికన్న ముందు లేసి మూడు బర్రెలు పిండేది సార్. నన్ను తిట్టుకుంట."

"అందరినీ గుర్తుపట్టేదా?"

"గుర్తువట్టుడేంది సార్. నేను పెండ్లినాడు ఏం చీర కట్టిన్నో, దానికి అంచు యాడ చినిగిందో గూడ చెప్పేది."

డాక్టర్ నవ్వలేదు. "మతిమరుపు జబ్బయితే ఒక్క నెలలో ఇట్లా రాదమ్మా. ముసలి ఒంట్లో ఈ మందు తొందరగా దిగిపోదు. నిన్నటిది ఉండగానే ఇవాళ్టిది పడుతుంది. కొందరికి నిద్ర బదులు కలవరం లేస్తుంది, లేనివి కనబడతాయి. ఇంటివాళ్ళు రోగం ముదిరిందనుకుని ఇంకోటి వేస్తారు. రోజుకు ఎన్ని ఇస్తున్నారు?"

"ఒకటే సార్. రాత్రి పూట. నేనే ఇస్తున్న."

"ఒక్కటికి ఇంత మత్తా." మళ్ళీ కనురెప్ప ఎత్తి చూశాడు. "ఇంకెవరైనా ఇస్తున్నారా?"

"ఇంకెవలిస్తరు సార్. తినవెట్టేది, తాపేది, కడిగేది అంత నేనే."

మూత్రం పరీక్షకు రాశాడు. గోలి ఉన్నపళంగా ఆపొద్దని, అట్లా ఆపితే ఫిట్స్ రావచ్చని, సగానికి, తర్వాత పావుకు తగ్గించాలని, నడుమ తన దగ్గరికి తేవాలని చెప్పాడు. కట్టేయొద్దన్నాడు. మంచం తీసి నేల మీద పరుపు వేయమన్నాడు, నీళ్ళు తాగించమన్నాడు, పగలు వెలుగులో కూర్చోబెట్టి మాట్లాడుతూ ఉండమన్నాడు.

"ఆదివారం వరకు సోయొస్తదా సార్?"

"ఆదివారం ఏముంది?"

బాలమణి చెప్పింది. డాక్టర్ కలానికి మూత పెట్టాడు. "మాట ఇవ్వలేను. కానీ నేనైతే పంపను."

మధ్యాహ్నం ఇంటికొచ్చాక బాలమణి మంచం పట్టెకు వేలాడుతున్న చున్నీని తీసేసింది. మంచం గోడకు నిలబెట్టి పరుపు నేల మీద పరిచింది. శారదమ్మ మణికట్టు మీద ఎర్రటి గీత పడి ఉంది. కొబ్బరినూనె రాసి, పప్పు తెచ్చేందుకు వంటింట్లోకి పోయింది. తిరిగి వచ్చేసరికి రామ్‌చందర్ తల్లి పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. సాయంత్రం పాలు వేయడానికి బయలుదేరే వేళ. చేతిలో బెల్లం ముద్ద.

"అవ్వా, నోరు తెరువు. బెల్లం."

ఆ ఇంట్లో బర్రెకు మందు పెట్టేది బెల్లంలోనే. బాలమణి గిన్నె కింద పెట్టి, వంగి, అతని చేతిలోంచి ముద్ద లాక్కుంది. వేళ్ళతో చిదిపింది. నడుమ తెల్లగా గోలి.

"ఎప్పటిసంది?"

"ఏం ఎప్పటిసంది? జరూరత్ ఉన్నప్పుడే ఇస్తున్న."

"రోజు ఉంటుందా జరూరత్?"

"రోజు పాలకు పోవద్దా మరి? నేను బండి తీస్తుంటె వెనకకెల్లి ఒర్రుతది, రామ్‌చందరా సుక్కకు నీళ్లు పెట్టినవా అని. సందంత ఇంటది. నువ్వు వంటింట్ల ఉంటవు, నీకేమెరుక."

"నేను రాత్రి ఇస్తున్న."

రామ్‌చందర్ ఆమె ముఖం చూశాడు. "నువ్వు గూడ ఇస్తున్నవా?"

"నువ్వు చెప్పినవా నాకు? నేను చెప్పిన్నా నీకు?" బాలమణి నేల మీద కూలబడింది. గొంతు పెంచలేదు. "జరూరత్ పడితే ఇయ్యుమన్నడు డాక్టర్. ఎవల జరూరత్ అని అడిగినమా? నాకు నిద్ర జరూరత్ ఉంది, రాత్రి ఏసిన. నీకు పాల జరూరత్ ఉంది, పగటీలి ఏసినవ్. ఆదివారం గా పోరనికి దారి జరూరత్ ఉంది, ఇంకోటి ఎయ్యుమంటుండు. నడుమల గీమె జరూరత్ ఏంది? సుక్కకు పొడిచినట్టు పొడిచినం గదయ్యా మీ అవ్వను."

రామ్‌చందర్ వేళ్ళకంటిన బెల్లాన్ని లుంగీకి తుడుచుకున్నాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు.

"ఆగుతవా ఆదివారం దాక?" అంది. "గప్పటికి మనిషి కాకుంటే నేనే బండెక్కిస్త. అప్పటిదాక గోలి నా కొంగుల ఉంటది. పొద్దుగాల సామ్యూల్ డాక్టర్‌కు చూపెట్టిన, తగ్గించుమన్నడు. గాయన చెప్పినంతనే, నా చెయ్యితోనే."

"లొల్లి చేస్తే?"

"చేస్తది. చెయ్యనీ."

చేసింది. బుధవారమంతా ఒర్రింది. పరుపు మీద కూర్చుని గోడకు మొక్కింది, గోడను తిట్టింది, అన్నం గిన్నె తన్నింది. తలుపు తీసి సందులోకి పోతుంటే బాలమణి వెంటే నడిచి, చివరి దాకా పోనిచ్చి, మెల్లగా తిప్పుకొచ్చింది. కట్టేయడం ఎంత సులువో అప్పుడర్థమైంది. కట్టకుండా ఉండాలంటే మనిషి కావాలి. హోముల్లో గోలి ఎందుకు వేస్తారో కూడా అప్పుడే అర్థమైంది. మనిషికి జీతమివ్వాలి, గోలి చవక.

ఉప్పుగూడ నుంచి ఆడబిడ్డ ఫోన్ చేసింది. "డాక్టరమ్మవైనవా ఏంది బాలమణీ? పెద్ద దవాఖానా డాక్టర్ రాసిన గోలి ఆపిస్తవా?"

"ఆపలే వదినా, తగ్గిస్తున్న. నీకంత దుఃఖముంటే రా. రెండు రోజులు నువ్వు పట్టుకో, నేను పండుకుంట."

ఆడబిడ్డ ఫోన్ పెట్టేసింది. ఆమె రాలేదు. రఫియా వచ్చింది. గురువారం పగలంతా చిన్న చట్రం ఒళ్ళో పెట్టుకుని శారదమ్మ పక్కనే కూర్చుని పని చేసుకుంది.

"నువ్వు పండుకో భాభీ. నేను మాట్లాడుత. నా నోరు ఎట్లాగు ఊకోదు." చట్రం చూపించింది. "చూడు ఖాలా, గిది నెమలి. తోక మంచిగుందా?"

శారదమ్మ చాలాసేపు చూసింది. వేలు చాచింది. బాలమణి మగతలోనే ఉలిక్కిపడింది, మళ్ళీ చీమలు గిల్లుతుందేమోనని. వేలు గిల్లలేదు. జరీ తీగ మీద మెల్లగా నడిచింది.

"కోడి లెక్కుంది," అంది శారదమ్మ.

రఫియా నోరు తెరిచి బాలమణిని చూసింది. "ఇంటివా? మూడు దినాల మెహనత్‌ను కోడి అంటుంది." నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

శుక్రవారం డాక్టర్ పగటి గోలి సంగతి విని, మూత్రం పరీక్షలో ఏమీ లేదని చెప్పి, గోలిని పావుకు దించాడు. శనివారం పొద్దున బాలమణి గంజి తాగిస్తుంటే శారదమ్మ గిన్నె తన చేతిలోకి తీసుకుంది. తాగి, మూతి తుడుచుకుని, మణికట్టు మీద గీతను చూసుకుంది.

"ఏందిది?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. బాలమణి దాన్ని మింగింది.

"కట్టినం అత్తమ్మా."

"ఎవలు?"

"నేను. నీ కొడుకు."

గుమ్మంలో రామ్‌చందర్ చెప్పులు విడుస్తూ ఆగిపోయాడు. శారదమ్మ గీత మీద బొటనవేలితో రాసుకుంది.

"బర్రెను కట్టేసినా మెడకు కడ్తరు, మెసలనీకి ఉంటది," అంది. "చెయ్యికి కడ్తరారా ఎవలన్న?"

రామ్‌చందర్ తలెత్తలేదు. ఒక చెప్పు కాలికి, ఒక చెప్పు చేతిలో. అలాగే నిలబడిపోయాడు. ఆ రోజు సాయంత్రం, బండి తేవద్దని హోముకు ఫోన్ చేయమని బాలమణి అడగలేదు. అతనూ చేయలేదు. ఒక్కరోజు సోయి నిలుస్తుందో లేదోనని ఇద్దరికీ లోపల భయమే.

ఆదివారం తెల్లవారి కొట్టంలో దీపం వెలిగింది. బాలమణి లేచి చూస్తే పరుపు ఖాళీ. కొట్టంలోకి పరుగెత్తింది.

శారదమ్మ గోడ పట్టుకుని, ఒక్కో అడుగు వేసుకుంటూ సుక్క దగ్గరికి చేరింది. బాలమణి పట్టుకోబోతే మోచేత్తో తోసింది. "పీట తే." కూర్చుంది. అరచెయ్యి పొదుగు మీద పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. సుక్క పక్కకు జరిగి కాలు ఎత్తింది.

"రామ్‌చందర్."

అతను క్యాన్లు కడుగుతున్నవాడు వచ్చాడు.

"దీనికి సూదేసినవారా?"

అతను చేతిలోని క్యాను మూత కింద పెట్టాడు.

"చెయ్యి పెడితే బెదురుతుంది. గిది నా బర్రెనే గాదు." గూటి వైపు చూసింది. "జల్ది నీకుంటే దానికేం సంబంధం? కూసో."

"అవ్వా, హోటలోళ్లు..."

"కూసో. నా వేళ్లల్ల బలం లేదు. నేను చెప్త, నువ్వు చెయ్యి."

యాభై ఏళ్ళ మనిషి బర్రె కింద గొంతుక్కూర్చున్నాడు. నీళ్ళు చల్లాడు. నిమిరాడు. "గట్టిగ గాదు. ఇనుప సామాన్లు తోముతున్నవా?" మళ్ళీ నిమిరాడు. ఏమీ కాలేదు. గూటి వైపు చూశాడు. శారదమ్మ ఆ చూపును చూసింది. "ఆగు. సేపేదాక ఆగు. గంతే పని." పీటను సుక్క మెడ దగ్గరికి జరుపుకుని, గంగడోలును గోకుతూ ముచ్చట మొదలుపెట్టింది, మాట ఇంకా కొంచెం మందంగానే ఉన్నా వరసగా, తిట్టూ ముద్దూ కలిపి. "ఏమే, అలిగినవా. నేను గూడ లేకుంటి గదనే. నన్ను గూడ కట్టేసిన్రే ఈళ్లు."

సందులో హారన్ మోగింది. సుక్క చెవులు నిక్కబొడుచుకుంది.

"గా బండోనికి చెప్పు. బర్రె బెదురుతది."

బాలమణి కదలలేదు. తెల్ల వ్యాన్ గుమ్మం ముందు ఆగింది, డ్రైవరు, ప్రణీత్ దిగారు. ప్రణీత్ ముందు గదిలో ఖాళీ పరుపు చూసి, నేరుగా కొట్టం దాకా వచ్చాడు.

"అంకుల్, గోలి ఏసిన్రా? పేషెంట్ యాడుంది?"

సుక్క నెమరు మొదలుపెట్టింది. తోక దిగింది. రామ్‌చందర్ వేళ్ళ కింద సన్ను బిగుసుకుంది. అతను ఊపిరి బిగబట్టి లాగాడు. బకెట్ అడుగున పాలు ఖంగుమన్నాయి. ఇంకోసారి. ఇక ఆ చప్పుడు ఆగలేదు.

"సేపింది," అన్నాడు రామ్‌చందర్, చిన్నపిల్లవాడి గొంతుతో.

శారదమ్మ అప్పుడు తల తిప్పి కుర్రాణ్ణి చూసింది. మెడలో కార్డు, చేతిలో ఫోను, అన్నీ చూసింది.

"ఎవలు బిడ్డా నువ్వు? పాలకొచ్చినవా?"

"కాదు అమ్మమ్మా, నేను... పేషెంట్‌ను..."

"పాలకొస్తే గిన్నె తెచ్చుకోవాలె. ఉత్త చేతులతోని వస్తే దోసిట్ల పొయ్యన్నా?"

గోడ అవతల రఫియా ముసిముసిగా నవ్వడం వినిపించింది. రామ్‌చందర్ పిండడం ఆపకుండానే చెప్పాడు.

"ఈడ పేషెంట్ ఎవలు లేరు తమ్మీ. పో."

"అంకుల్, సోమవారం నేను చూసిన గదా, మీరే గదా ఆదివారం తోల్కపొమ్మన్నది..."

"నేనే అన్న. తప్పు అన్న. గోలి ఏసింది నేను, సోయి పోయింది ఆమెది. మీ హోముల రెండు పూటల ఏస్తున్నవు గదా, గాళ్లల్ల ఎందరికి సోయి ఉండెనో ఒక్కసారి ఆపి చూడు. డాక్టర్‌ను పెట్టి చూడు. లేకుంటే నేనే ఒక డాక్టర్‌ను తోల్కొని వస్త."

ప్రణీత్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఎటు చూడాలో తెలియక శారదమ్మనే చూశాడు. ఆమె అతని వెనక నిలబడ్డ డ్రైవరు చేతిలో నీళ్ళ సీసా వైపు చెయ్యి చూపింది.

"గది తే. నీళ్లు పారబొయ్యి. పొద్దుగాల్నే వచ్చిన్రు, ఒట్టిగ ఎట్ల పోతరు." బాలమణి సీసా నిండా పాలు పోసింది, నురగ మూతి దాటి పొంగింది.

వ్యాన్‌లో వెనక సీటు మీద ముసలమ్మ కోసం తెల్లటి దుప్పటి పరిచి ఉంది. పాల సీసాను దాని మీద నిలబెట్టుకుని బండి వెనక్కి, వెనక్కి పోయి సందు మలుపు తిరిగింది.

శారదమ్మ అటు చూడలేదు. బకెట్‌లో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది.

"పల్చగున్నయి. నేను పన్ననాటి సంది దాణాల ఏం కలుపుతున్నవే బాలమణీ?" అని, కోడలు జవాబిచ్చేలోపే గూటి వైపు చెయ్యి చాచింది. "ఆ సూదిమందు సీసా మోరీల పారబొయ్యుండ్రి. రామ్‌చందరా, లెవ్వకు. ఇంకా రెండు బర్రెలున్నయి."